చరిత్ర చదివినవారికి బ్రతుకుదెరువు



బి.ఏ. చరిత్రలో చేరుతానన్న కుమారుణ్ణి వెంటబెట్టుకొని ఒక తండ్రి మా ఇంటికి వచ్చినారు. "మాస్టారూ, ఆ చదువుకు కూడు దొరుకుతుందా?" అని అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. నాకు వెంటనే కావలి సోదరులు గుర్తుకు వచ్చినారు.

ఏలూరు వారైన బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి గార్లు కర్నల్ మెకంజీ వద్ద ఉద్యోగం చేసినారు. 1799లో టిప్పు సుల్తాను మరణించిన తరువాత సాగిన మైసూరు సర్వేలో శాసనాలు, తాళపత్రాలు, గ్రామ వృత్తాంతాలు సేకరించినారు. బొర్రయ్య హళగన్నడ శాసనాలను సైతం చదివినాడు. 1803లో చిన్న వయస్సులోనే మరణించినాడు. ఆ పని లక్ష్మయ్య కొనసాగించినాడు. 1821లో మెకంజీ పోయినాక, ఆ సేకరణను తానే నడుపుతానని 1830లలో అర్జీ పెట్టుకోగా, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు అంగీకరించలేదు. ఇంత పనికి తగిన బుర్ర వేరే ఉండాలన్నది వారి భావం! పని వచ్చినవానికి పదవి రాలేదు. చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

నేటి పిల్లలకు పట్టా దొరుకుతుంది, పనే రాదు. మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో, ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో, తంజావూరు సరస్వతీ మహల్‌లో, మైసూరు శాసన విభాగంలో కావలసినది పాత లిపి చదివే కన్ను. శక సంవత్సరానికి 78, ఫసలీకి 590 కలిపి ఇంగ్లీషు సంవత్సరం చెప్పగలగాలి. పట్టిక తయారుచేయాలి, అనువదించాలి, యూనికోడ్‌లో టైపు చేయాలి. పోస్టులు తక్కువే, దాచడమెందుకు? అందుచేత బి.ఎడ్., పోటీ పరీక్షలు కూడా చూసుకొమ్మంటాను.

అయితే తిరుత్తణి వంటి చోట్ల ఈ విద్యకు ఇంటిలోనే పని ఉన్నది. 1960 వరకు అది ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాలోనిది. పాత దస్తావేజులు తెలుగులో ఉన్నవి. 2006 చట్టం తరువాత బడిలో తమిళం తప్పనిసరి అయినది, తెలుగు అక్షరం రాని పిల్లలు పెరిగినారు. తాత వ్రాయించిన పత్రం మనుమడు చదవలేడు.

ఆ కుర్రవానికి అటువంటి పత్రం ఒకటి ఇచ్చినాను. రెండు పంక్తులు బాగానే చదివి, ౧౨౭౫ వద్ద ఆగిపోయినాడు. మన అంకెలు మేమే నేర్పలేదు. "ఇది ఫసలీయా మాస్టారూ?" అని అడిగి, వేళ్ళమీద లెక్క మొదలుపెట్టినాడు. తండ్రి కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు.