నీళ్ళ బరువు: ఒక అక్వేరియం స్టాండ్ కథ

పోయిన ఎపిసోడ్‌లో నా వెనకాల గోడ ఖాళీగా కనిపించింది కదా, అక్వేరియం ఏమైందని చాలామంది అడిగారు. నేనే తీసేశా. చేపలు బానే ఉన్నాయి. ప్రాబ్లం అంతా దాని కింద నేను సొంతంగా చేసిన చెక్క స్టాండ్‌తో. ఏం తప్పు చేశానో చెప్పేముందు ఒకసారి 1840ల లండన్‌కి వెళ్ళొద్దాం. గాజుపెట్టెలో నీళ్ళు పోసి హాల్లో పెట్టుకునే పిచ్చి బాగా ముదిరింది అక్కడే.

నిజానికి అంతకుముందే, 1832లో, సిసిలీలో జాన్ విల్‌ప్రూ-పవర్ అనే ఆవిడ సముద్ర జీవుల్ని గమనించడానికి గాజు తొట్టెలు వాడింది. కానీ అది పరిశోధన. ఇంటి అలంకారంగా మారాలంటే గాజు చవకవ్వాలి. బ్రిటన్‌లో 1845 వరకు గాజు మీద పన్ను ఉండేది, అదీ బరువు లెక్కన. అది ఎత్తేశాక పెద్ద పెద్ద గాజు పలకలు మామూలు షాపుల్లోకి వచ్చేశాయి.

మరుసటి ఏడు, 1846లో, ఆనా థిన్ అనే ఆవిడ టార్కీ సముద్రతీరం నుంచి పగడపు జీవుల్ని లండన్ తెచ్చుకుంది. మోటార్ లేదు, ఎయిర్ పంప్ లేదు. మరి గాలి ఎలా? పనమ్మాయి కిటికీ దగ్గర నిలబడి నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోస్తూ ఉండేది, రోజూ అరగంట పైనే. చరిత్ర పుస్తకాల్లో ఆనా థిన్ పేరుంటుంది. చేతులు నొప్పెట్టింది మాత్రం ఆ పిల్లకి!

ఆ చాకిరీని తప్పించిన దారి రాబర్ట్ వారింగ్టన్ అనే కెమిస్ట్ చూపించాడు. 12 గ్యాలన్ల తొట్టెలో గోల్డ్‌ఫిష్‌లు, నత్తలు, వాలిస్నేరియా మొక్కలు వేశాడు. మన అక్వేరియం షాపుల్లో రిబ్బన్ గడ్డిలా కట్టలు కట్టి అమ్ముతారే, అదే. మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, కుళ్ళిన ఆకుల్ని నత్త తింటుంది, నీళ్ళు మార్చే పని తగ్గుతుంది. 1850లో దీన్ని పేపర్‌గా ప్రచురించాడు. 1853లో లండన్ జూలో ఫిష్ హౌస్ తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో 'అక్వేరియం' అనే మాట అందరి నోళ్ళలో పడింది.

ఇప్పుడు లెక్క చూడండి. వారింగ్టన్ 12 గ్యాలన్లంటే దాదాపు 54 లీటర్లు. లీటరు నీళ్ళు కేజీ. అంటే రెండు పాతిక కేజీల బియ్యం బస్తాలకు పైనే, అదీ నీళ్ళు మాత్రమే. దానికి తోడు ఆ కాలపు తొట్టెలకి అడుగున స్లేట్ రాయి, చుట్టూ ఇనుప చట్రం, గాజుని పుట్టీతో అతికించేవాళ్ళు. మహా బరువు. కానీ ఒక లాభముంది: ఆ రాయీ ఇనుమూ తొట్టెని గట్టిగా పట్టుకుని ఉండేవి.

1960లు, 70లలో సిలికోన్ వచ్చి ఆ చట్రాన్ని పీకేసింది. గాజుకి గాజే అతుక్కుంటోంది. చూడ్డానికి సూపర్. కానీ ఇప్పుడు కింద చెక్క కాస్త వంకర తిరిగినా ఆ మెలి నేరుగా గాజు మీద, సిలికోన్ జాయింట్ మీద పడుతుంది. చట్రం చేసే పని సగం స్టాండ్ నెత్తికొచ్చింది. ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది.

నాది 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ట్యాంక్. నీళ్ళు, గాజు, గులకరాళ్ళు కలిపి 220 కేజీలు దాటింది. నేనేం చేశానంటే, పై ఫ్రేమ్‌ని నాలుగు కాళ్ళ మధ్యలో ఇరికించి పక్కనుంచి స్క్రూలు బిగించా. వీడియోలో నీట్‌గా కనిపిస్తుందని! అంటే తొమ్మిది బస్తాల బరువు కాళ్ళ మీద కూర్చోలేదు, స్క్రూలకి వేలాడుతోంది. కోడ్ రాసేటప్పుడు ఇలాంటి పని చేస్తే రివ్యూలో తిట్టేవాళ్ళు.

రెండు వారాలకి గమనించా. నీళ్ళ గీత కుడివైపు గాజు అంచుకి దగ్గరగా ఉంది, ఎడమవైపు కిందికి ఉంది. నీళ్ళు ఎప్పుడూ మట్టంగానే ఉంటాయి కదా, రసమట్టం అక్కర్లేదు. వంగింది ట్యాంకే. సరిగ్గా అప్పుడు మా అక్క కొడుకు, మూడేళ్ళవాడు, గాజుకి ముక్కు ఆనించి చేపల్ని పిలుస్తున్నాడు. వాణ్ణి ఎత్తుకుని పక్క గదిలో దింపొచ్చా. తర్వాత పైపు పెట్టి మొత్తం ఖాళీ చేశా. ఆ రాత్రి కరెంట్ పోయింది. టబ్‌లో ఉన్న గోల్డ్‌ఫిష్‌ల కోసం మగ్గుతో నీళ్ళు ఎత్తి పోస్తూ కూర్చున్నా. ఆనా థిన్ ఇంటి పనమ్మాయి గుర్తొచ్చింది.

కొత్త స్టాండ్‌లో పై ఫ్రేమ్ కాళ్ళ నెత్తిన కూర్చుంటుంది. స్క్రూలు కదలకుండా పట్టుకోవడానికే, మోయడానికి కాదు. వెనక వైపు మూల నుంచి మూలకి ఒక అడ్డకర్ర, ఊగకుండా. పైన ప్లైవుడ్, దాని మీద థర్మాకోల్ షీట్, చిన్న చిన్న ఎత్తుపల్లాలు గాజుకి తగలకుండా. చేపలు లేకుండా నీళ్ళు నింపి వారం ఉంచుతా, ఇవాళ మూడో రోజు. గాజు మీద మార్కర్‌తో గీత గీశా. పొద్దున చూస్తే రెండు చివర్లా నీళ్ళు గీత మీదే ఉన్నాయి. మా మేనల్లుడు మాత్రం ఇంకా ఆ గదిలోకి రాకూడదు.