గాడి చదివిన వింత ముళ్లు

గ్రామఫోను చరిత్ర అనగానే మనవాళ్లు ఎడిసన్‌తో మొదలుపెట్టి, కుక్కబొమ్మ దగ్గర కాసేపు ఆగి, పాడినవారి పేర్లతో ముగిస్తారు. పాటకూ చెవికీ నడుమనున్న ముల్లును పట్టించుకునేవారు తక్కువ. నిజానికి ప్లేటు మీద ఉన్నది సన్నని వంకరగీత మాత్రమే. ఆ వంకరను కరెంటుగా మార్చేది ముల్లును పట్టుకున్న చిన్న డబ్బీ, అంటే కార్ట్రిడ్జ్. అందులో ఎవరెవరు ఎన్ని ఉపాయాలు పన్నారో చూస్తే ముచ్చటేస్తుంది.

మన ఇళ్లలోని పెట్టెల్లో ఉండేది చాలావరకు క్రిస్టల్ లేదా సెరామిక్ రకం. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో పారిస్‌లో జాక్, పియేర్ క్యూరీ సోదరులు కనిపెట్టారు. అలాంటిదే రోషెల్ సాల్ట్. 1930లలో అది పికప్పుల్లోకి వచ్చింది. చవక, శబ్దం గట్టిగా వస్తుంది. అయితే ఎంతైనా ఉప్పే కదా, తేమా పడదు, వేడీ పడదు. ఇక మా బరంపురం సముద్రగాలికి దాని గతేమిటి? మా ఇంట్లోని పెట్టె రెండు వానాకాలాలు దాటేసరికి గొంతు పోగొట్టుకుంది. బాగుచేసే మేస్త్రీ డబ్బీ విప్పి, “లోపల ఉప్పు కరిగిపోయిందండి” అన్నాడు. మాటవరసకు అన్నది కాదు, అక్షరాలా నిజం. తర్వాత వచ్చిన సెరామిక్ ఈ బాధ తప్పించింది.

శ్రద్ధగా వినేవాళ్లు మాత్రం అయస్కాంతం వైపు వెళ్లారు. ముల్లు వెనుక కడ్డీకి చిన్న అయస్కాంతం తగిలించి పక్కన తీగచుట్ట ఉంచడం ఒక పద్ధతి; చుట్టనే కదిలించడం రెండోది. నేటికీ రాజ్యమేలుతున్నవి ఇవే. వీటిలో చిక్కల్లా బరువు. ఎంత చిన్నదైనా ఆ అయస్కాంతాన్నో చుట్టనో ముల్లు మోసుకు తిరగాలి, ఆ శ్రమ గాడి గోడల మీద పడుతుంది.

అసలు ఏమీ మోయకుండా ఉంటే? అమెరికాలోని ఫిల్కో కంపెనీ 1941లో ఈ ప్రశ్నకు వెలుగుతో జవాబు చెప్పింది. ముల్లుకు అతిచిన్న అద్దం అతికించి, దాని మీద దీపం వెలుగు పడేలా చేశారు. ముల్లు కదిలితే అద్దం కదులుతుంది, వెలుగు అటూ ఇటూ ఊగి సెలీనియం ఫోటోసెల్ మీద పడుతుంది. ఎండ పడితే గిన్నెలోని నీటి తళుకు గోడ మీద ఆడుతుందే, అదే సూత్రం. 1960లు, 70లలో జపాన్ కంపెనీలు వెలుగును మళ్లీ పట్టుకున్నాయి. కాని ఆనాటి బల్బుల వేడి అడ్డొచ్చింది. ఎల్ఈడీలు వచ్చాక, 2010లలో అక్కడి డీఎస్ ఆడియో ఈ పద్ధతికి మళ్లీ ప్రాణం పోసింది.

1950లలో పాల్ వెదర్స్ మరో దారి తొక్కాడు. ముల్లు కదలికతో కండెన్సరు విలువ మారుతుంది, దాంతో ఆసిలేటరు ఫ్రీక్వెన్సీ మారుతుంది. ఎఫ్ఎం రేడియోనే డబ్బీలోకి దింపాడన్నమాట. గాడి మీద ఒత్తిడి దాదాపు ఒక గ్రాము! పాత సౌండ్‌బాక్సులు వంద గ్రాములకు పైగా మోపేవని గుర్తుంచుకుంటే దీని గొప్ప తెలుస్తుంది.

ఇక స్ట్రెయిన్ గేజ్ రకం. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ త్రాసులో ఉండేది ఇలాంటిదే: సాగితే, నొక్కుకుంటే రెసిస్టెన్సు మారే ముక్క. 1970లలో దీన్ని సిలికాన్‌తో చేసి ముల్లుకు జతచేశారు. ఇది తానుగా కరెంటు పుట్టించదు, బయటినుంచి ఇవ్వాలి.

వీటన్నిటిలో నాకు ఇష్టమైనది లండన్ డెక్కావారిది. 1950ల చివర స్టీరియో వచ్చినప్పుడు వాళ్లు మధ్యలోని కడ్డీనే తీసిపారేశారు. ముల్లును చిన్న ఇనుపరేకుకు బిగించి, దాన్ని వెనక్కి దారంతో కట్టి, నెత్తిమీదే చుట్టలు పెట్టారు. అడ్డం కదలికను, నిలువు కదలికను విడిగా పట్టి, కూడికా తీసివేతా చేసి కుడి ఎడమలు రాబట్టారు. డోలు దెబ్బ దీనిమీద దెబ్బలాగే వినిపిస్తుంది. కాని మహా పెంకి. ప్లేటు కాస్త వంగినా, చెయ్యి సరిగా కుదరకపోయినా మొరాయిస్తుంది.

ఇన్ని ఉన్నా అయస్కాంతమే ఎందుకు గెలిచింది? నాదం వల్ల కాదని నా అభిప్రాయం. వెలుగుకూ, కండెన్సరుకూ, స్ట్రెయిన్ గేజ్‌కూ తమతమ విడి పెట్టెలు కావాలి. అయస్కాంతం డబ్బీని ఫోనో ఇన్‌పుట్ ఉన్న ఏ ఆంప్లిఫయరుకైనా తగిలించవచ్చు. అయస్కాంతం కదిలే రకంలో చాలావాటికి ముల్లు అరిగితే ఇంట్లోనే మార్చుకోవచ్చు. సంసారపక్షంగా నడిచేది అదే.

ముల్లే లేకుండా లేజరుతో చదివే యంత్రం 1980లలో అమెరికాలో ఫినియల్ సంస్థ మొదలుపెట్టగా, జపాన్ ఈఎల్పీ పూర్తిచేసి అమ్మింది. గాడిని తాకదు, అరగదు. కాని ముల్లయితే దుమ్మును పక్కకు నెట్టుకుపోతుంది. లేజరు దుమ్మును కూడా పాటతోపాటు చదివేస్తుంది. పైగా నల్లని ప్లేట్లు తప్ప రంగువి చదవలేదు.

ఇదంతా మనకెందుకంటే, సరిహద్దుల కివతల మన ఇళ్ల అటకల మీద నాటక పద్యాల, హరికథల ప్లేట్లు ఇంకా ఉన్నాయి. బరువైన పాత ముల్లు మోపిన ప్రతిసారీ ఆ గొంతు కొంత అరుగుతుంది. అమెరికాలో బర్కిలీ ప్రయోగశాలలో కార్ల్ హేబర్, విటాలీ ఫదేయెవ్ 2000ల తొలి ఏళ్లలో, గాడిని కెమెరాతో ఫోటో తీసి కంప్యూటరుతో నాదం రాబట్టే పద్ధతి చేశారు. పగిలిన ప్లేటు ముక్కలను కూడా అలా చదవవచ్చు. కాబట్టి మీ అటక మీద పగిలిన ప్లేటుంటే, ముక్కలన్నీ ఏరి, ఒకదానికొకటి ఒరుసుకోకుండా కాగితాల్లో చుట్టి, పైన పాట పేరు రాసి దాచండి.