అమ్మవారు మరచిన కరివేపాకు

పెళ్లయి తిరుమల కొండకు బయలుదేరిన పద్మావతమ్మ వెంట పుట్టింటివారు అన్ని సరుకులూ పంపారట, కరివేపాకు ఒక్కటి తప్ప. వేంకటేశ్వరస్వామి అడిగితే గానీ ఆ సంగతి గుర్తుకు రాలేదు. దానికోసం వెనక్కి వెళ్లిన అమ్మ పొద్దుగూకడంతో తిరుచానూరులోనే ఉండిపోయిందని తిరుపతి చుట్టుపక్కల చెప్పుకునే కథ. ఏటా కార్తీక బ్రహ్మోత్సవాల చివరి రోజు, పంచమీతీర్థానికి, తిరుమల నుంచి ఆమెకు సారె వస్తుంది. అందులో పసుపు, పట్టుచీరతో పాటు లడ్డూలు, వడలు, అప్పాలు, దోసెలు ఉంటాయి.

అమ్మకు సారె పంపడమే కాదు, ఊరుగాని ఊరు వచ్చినవారి ఆకలి చూడటమూ ఈ నేలకు పాత అలవాటే. 15వ శతాబ్దంలో సాళువ నరసింహుడు తిరుమల, తిరుపతుల్లో వైష్ణవ యాత్రికుల భోజనానికి రామానుజకూటాలు నెలకొల్పాడు. అప్పట్లో నైవేద్యం పెట్టించిన దాతకు ప్రసాదంలో నాలుగో వంతు దక్కేది. ఆ వాటా కూటాలకు చేరి, దూరం నుంచి నడిచొచ్చిన వారి విస్తట్లోకి వెళ్లేది. తర్వాతి కాలంలో తరిగొండ వెంగమాంబ కొండమీద అన్నదానం సాగించింది. 1985లో దేవస్థానం మొదలుపెట్టిన నిత్యాన్నదానం సాగే భవనానికి నేడు ఆమె పేరే ఉంది.

ఈ అలవాటు సముద్రం కూడా దాటింది.

అమెరికా 1965లో వలస చట్టం మార్చాక తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు అక్కడికి చేరారు. 1976లో దేవస్థానం సహకారంతో పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరాలయం వెలిసింది. గంటల తరబడి కారు నడిపి వచ్చినవారికి అక్కడి పులిహోర, పెరుగన్నం పుట్టింటి భోజనమే అయ్యాయి.

ఇళ్లలో మాత్రం మర్యాదలు కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. మన దగ్గర అతిథి మొదట "వద్దండీ" అంటాడు, ఇల్లాలు కొసరి మారు వడ్డిస్తుంది. ఆ "వద్దు" మొహమాటమేనని ఇద్దరికీ తెలుసు. అమెరికన్ ఇంట్లో వద్దంటే వద్దనే అర్థం, గిన్నె మళ్లీ ఎదుటికి రాదు. పిలిచినవాళ్లే అన్నీ వండాలన్న పట్టింపూ సడలింది. తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ మన పండగల్లోకీ వచ్చింది. ఒకరు పప్పు, ఇంకొకరు వంకాయకూర తెస్తే, చిత్తూరు వాళ్లు ఊరుబిండి తెస్తారు. పెట్టే చెయ్యి ఒకటి కాస్తా పది అయ్యాయి.

కరివేపాకు కొరత మాత్రం అక్కడా వెంటాడింది. నారింజ, నిమ్మ తోటలను ఎండగొట్టే తెగులును మోసే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే పచ్చి ఆకును విదేశాల నుంచి తేవడంపై అమెరికాలో గట్టి ఆంక్షలున్నాయి. 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు బయటపడ్డాక మొక్కల రవాణా మీదా కట్టడి పెరిగింది. చలి రాష్ట్రాల్లోని తెలుగువాళ్లు కుండీలో మొక్క పెంచి, మంచు పడకముందే ఇంట్లోకి తెచ్చి కిటికీ పక్కన ఎండ తగిలేలా ఉంచుతారు. భోజనం చేసి వెళ్తున్న అతిథి చేతిలో ఆ ఇల్లాలు ఒక రెమ్మ తుంచి పెడుతుంది, రేపటి తాళింపుకు.