దొప్పలో దీపం

మంటకి కాస్త దగ్గరగా జరగండర్రా, చలేస్తోంది. తెల్లారితే పోలి పాడ్యమి. మీ నాయనమ్మ అరటి దొప్పలు కోసి వసారాలో పెట్టింది, చూశారా? అవి కనబడితే చాలు, నాకు మా అమ్మ గుర్తొస్తుంది.

మా చిన్నప్పుడు కోనసీమలో ఏది రావాలన్నా కాలవ మీదే. కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కాలవలే పొలాలకి నీళ్ళిచ్చాయి, పడవలకి దారీ ఇచ్చాయి. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, పెళ్ళివారు, అంతా పడవే. గాలుంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని లాగడమే.

ఓ ఏడాది పోలి పాడ్యమినాడు అమ్మ నేతిలో తడిపిన 30 వత్తులు దొప్పలో వెలిగించి కాలవలో వదిలింది. రెండు బారలైనా పోలేదు, పక్కకి ఒరిగి బుడుంగుమంది. అమ్మ ఏమీ అనలేదు. మోకాలి లోతు నీళ్ళలో అలాగే నిలబడిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

మీ పడవ ఎందుకు మునగదని లాకుల దగ్గర ఆగిన పడవ తాతని అడిగాను. "ఖాళీ పడవైతే మేం అడుగున ఇసుక పోత్తాం రా అబ్బాయ్. బరువు కిందుంటే ఒరిగినా మళ్ళీ లేత్తాది" అన్నాడు.

ఆ ఏడంతా నాకదే పని. గెల కొట్టేసిన చెట్టు బోదెలోంచి పట్ట ఊడదీసి జానెడు ముక్క కోసేవాణ్ణి. కోసిన అంచు దగ్గర పెట్టుకుని చూడండి, వరసగా సన్నసన్నటి గదులుంటాయి. వాటినిండా గాలే, అందుకే అంత తేలిక. రెండు చివర్లూ మడిచి కొబ్బరి ఈనె గుచ్చితే పడవ. మూరెడు ఈనె నిలబెట్టి పాత పంచె పీలిక తెరచాప కట్టానా, బోల్తా. ఈనె సగానికి విరిచి, అడుగున తడిమట్టి మెత్తితే నిలబడింది. మట్టి ఎక్కువైతే అంచులదాకా దిగిపోయేది. ఎన్ని దొప్పలు ముంచానో, ఎంత మట్టి పట్టాలో చేతికి తెలిసేసరికి!

మరుసటేడు అమ్మ వత్తులు పెట్టకముందే దొప్ప లాక్కుని మట్టి మెత్తాను. "ఇదేంట్రా?" అంది. వదిలాం. అలకి ఊగింది, ఒరిగింది, మళ్ళీ నిటారుగా లేచింది. వంతెన దాటి మలుపు తిరిగేదాకా అమ్మ రెప్ప వెయ్యలేదు. "వెళ్ళిందిరా నాన్నా" అంది.

లేవండి. గాబు పక్కన తడిమట్టి ఉంది, తలో గుప్పెడు తీసుకురండి.