అమ్మననే హక్కు

నాలుగు రోజుల క్రితం కాచిగూడ స్టేషను దగ్గర ఒక చిన్న హోటలులో చాయ్ తాగుతున్నాను. పక్క బల్ల దగ్గరి యువ కానిస్టేబులు చాయ్ ముగించి డబ్బు ఇవ్వబోయాడు. యజమాని చేతులు జోడించి, “మీ దగ్గర తీసుకుంటామా సార్!” అన్నాడు. ఆ మాటలో గౌరవమెంతో, భయమెంతో నాకు తెలియలేదు. మా నాయనమ్మ మాత్రం జ్ఞాపకం వచ్చింది.

నల్లగొండ ప్రాంతపు పల్లెలో మా తాతగారికి కిరాణా కొట్టు ఉండేది. “అమీను వస్తున్నాడని తెలిస్తే మీ తాత ముందు నెయ్యి డబ్బా దాచేవాడు” అని ఆమె చెబుతుంటే పిల్లలం నవ్వేవాళ్ళం. నిజాం కాలంలో అమీను అంటే పోలీసు అధికారి. ఊరికి వచ్చిన అధికారులకు కోమటి సరుకులివ్వాలి. ధర వారు చెప్పినంత, లేదా శూన్యం. చాకలి, మంగలి, కుమ్మరి వెట్టి చేయాలి. ఆ నవ్వు వెనుక దుఃఖమున్నదని చాలా ఏండ్లకు గాని నాకు బోధపడలేదు.

1921 నవంబరులో, కాచిగూడకు ఎంతో దూరం లేని వివేకవర్ధని థియేటరులో కర్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. అక్కడ తెలుగులో ప్రసంగించిన ఆలంపల్లి వెంకటరామారావు గారిని గేలిచేసిన కథ మిత్రులకు తెలిసినదే. ఆ అవమానం నుండి ఆంధ్ర జనసంఘం పుట్టింది. అయితే ఆ సంఘం భాష కోసమే పాటుపడలేదు. మాడపాటి హనుమంతరావు గారి వంటివారి పూనికతో వెట్టిచాకిరిపైన, వర్తక స్వాతంత్ర్యంపైన చిన్న పుస్తకాలు వెలువడినవి. అధికారి అడిగినంత మాత్రాన సరుకు ఊరక ఇవ్వనక్కరలేదని పల్లెటూరి వర్తకునికి తెలుగులో తెలియజెప్పడం ఆనాడు సామాన్యమైన పని కాదు.

అదే 1921లో బ్రిటిషు పాలనలోని పల్నాడులో నిరాకరణ మరింత తీవ్రరూపం దాల్చింది. అడవిలో పశువులు మేపుకొన్నందుకు వేసిన పుల్లరిని ఎదిరించిన ప్రజలు ప్రభుత్వోద్యోగులను సాంఘికంగా బహిష్కరించారు. ఊళ్ళో వారికి సరుకులూ సేవలూ నిలిచిపోయినవి. దానికి ప్రతిఫలం కఠినమైనది: 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలి అయినాడు.

ఈ రెండూ ఒకటి కావు. పల్నాడు ప్రజలు ప్రభుత్వాన్నే కాదన్నారు. ఇక్కడి వర్తకుడు తన ధర తాను చెప్పుకొనే హక్కు మాత్రమే కోరాడు. ఇంకొక మాట కూడ ఒప్పుకోవాలి. మా తాతకు దాచుకొనేందుకు నెయ్యి డబ్బా అయినా ఉండేది. చాకలికి తన రెక్కలు దాచుకొనే చోటేది? వెట్టిపై వారి పోరాటం 1940లలో సంఘాలు పల్లెపల్లెకూ చేరిన తరువాత గాని బలపడలేదు.

ఆ కానిస్టేబులు యజమానితో వాదించలేదు. గోడకు అంటించిన గళ్ళ చీటీకి ఫోను చూపి నడిచిపోయాడు. ఇరవై రూపాయలు ముట్టినవని గల్లాపెట్టె పక్కనున్న యంత్రం బిగ్గరగా ప్రకటించింది. అమ్మననే హక్కు కోసం అంత పోరు జరిగింది, ధర ఇచ్చి కొనేవాడు రావాలనే కదా! మా తాతగారు ఆ కేక వింటే నెయ్యి డబ్బా బయట పెట్టేవారు.