చాందా ఇంటి చెమ్మ గోడ

మా తాత వచ్చేనాటికి ఈ ఊరి పేరు చాందా. 1964లో చంద్రపూర్ అయింది గానీ మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చాందా అనే అంటారు. 1929లో కాజీపేట-బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక, ఆ దారినే బొగ్గు గని పనికి వచ్చాడు తాత. పఠాన్‌పురా దర్వాజా లోపల, గోండు రాజుల కోటగోడకు దగ్గరలో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లు మొన్న అమ్మేశాం.

అమ్మేముందు వీధి గది గోడ మమ్మల్ని నిలేసింది. నడుం ఎత్తు దాకా ఎప్పుడూ తడే. తెల్లగా ఉప్పు పూసేది, రంగు పెచ్చులూడేది. మనం చెమ్మ అంటాం, ఇక్కడి మరాఠీ వాళ్ళు ‘ఓల్’ అంటారు. ఇరై, జర్పట్ నదుల మధ్య ఊరు కదా, ఇంతేలే అని ఏళ్ళ తరబడి సరిపెట్టుకున్నాం.

అసలు సంగతి ముసలి మేస్త్రీ ఒకాయన చెప్పాడు. తాత ఇటుకను సున్నంతో కట్టించాడు. పునాది మీద తడిని ఆపే తారు పొర లేదు. వత్తిలోకి నూనె ఎక్కినట్టు నేల తడి ఇటుకలోకి ఎక్కుతుంది. అయినా సున్నపు పూత తడిని పట్టి ఉంచదు, ఎక్కింది ఎక్కినట్టే గాలికి ఆరిపోయేది. తర్వాత బాపు కష్టపడి కూడబెట్టిన డబ్బుతో సిమెంటు గిలాబా చేయించి, ఆయిల్ పెయింటు వేయించాడు. అప్పట్లో సిమెంటంటేనే పక్కా ఇల్లు. బయటికి దారి మూసుకుపోయి తడి ఇంకా పైకెక్కింది. దానితో వచ్చిన ఉప్పు గిలాబాను తోసేసింది. పైగా రోడ్డు వేసినప్పుడల్లా వీధి ఎత్తు పెరిగి, వాన నీళ్ళు గోడ మొదట్లోనే నిలిచేవి.

“మంచి పెయింటు కొట్టించి వానలకు ముందే అమ్మెయ్యండి, ఎవరికీ తెలియదు” అన్నాడు బ్రోకరు. తమ్ముడు సరేనన్నాడు. అమ్మ మాత్రం, “ఆ గదిల రేపు ఎవరి పసిపిల్లలో పండుకుంటరు కదరా” అంది. చట్టం మాటా అదే. కొనేవాడు మామూలుగా చూస్తే కనిపెట్టలేని పెద్ద లోపం అమ్మేవాడికి తెలిసుంటే చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటుంది.

మార్చిలో సిమెంటు గిలాబా కొట్టించేశాం. తడి మచ్చకు ఇంకో మూరెడు పైదాకా తీయించాం. వీధి వైపు మట్టి తవ్వించి, నీళ్ళు పోయేలా కాలవ కట్టించాం. ఇటుక మీది ఉప్పును నీళ్ళు తగలనీయకుండా పొడి బ్రష్షుతో దులిపించాం. 45 డిగ్రీలు దాటే చాందా ఎండకు గోడను రెండు నెలలు వదిలేశాం. ఆ తర్వాత మళ్ళీ సున్నం, ఇసుకతోనే పూత.

చెమ్మ పూర్తిగా పోలేదు, పోతుందని మేమూ చెప్పలేదు. కొనే మరాఠీ కుటుంబానికి గోడ చూపించి, చేసిన పనంతా కాగితం మీద రాసిచ్చాం. ధర కొంత తగ్గింది. తమ్ముడు రెండ్రోజులు మాతో మాట్లాడలేదు.

శ్రావణంలో వాళ్ళే ఫోన్ చేశారు. తడి మోకాలి కిందే ఆగిందట. ఆ ఫోన్ ఎత్తింది తమ్ముడే.