టౌన్ హాల్ పక్కన తోట: బాగ్-ఏ-ఆమ్ చరిత్ర

నాంపల్లి నుంచి లక్డీకాపుల్ వైపు వెళ్లే దారిలో, తెల్లని గుమ్మటాల పాత శాసనసభ భవనాన్ని ఆనుకుని ఒక తోట ఉంది. పాత హైదరాబాదీలకు అది బాగ్-ఏ-ఆమ్, మిగతా ఊరికి పబ్లిక్ గార్డెన్స్. 1846లో వేసిన ఈ తోటే నగరంలోని పార్కులన్నిటిలోకీ పాతదని చెబుతారు. రాజ్యం మారినప్పుడల్లా పాలకులు ఇక్కడ తమకు కావలసింది కట్టుకున్నారు. కట్టడాల మధ్య మిగిలిన నేలను మాత్రం జనం తమది చేసుకుంటూ వచ్చారు. తోట చరిత్ర అంతా ఈ రెండింటి మధ్యే నడిచింది.

తోట వేసేనాటికి అసలు నగరం మూసీ నదికి దక్షిణాన చార్మినార్ చుట్టూ ఉండేది. ఉత్తరపు ఒడ్డున తోటలకు, మైదానాలకు కావలసినంత జాగా ఉండేది. 1907లో నాంపల్లి రైల్వే స్టేషన్ వచ్చింది. మరుసటి ఏడాది మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత ఊరు ఉత్తరానికి మరింత వేగంగా విస్తరించింది. ఊరికి దూరంగా ఉన్న తోట అలా మెల్లగా ఊరి నడిబొడ్డుకు వచ్చింది.

ఇప్పుడు పాత శాసనసభ భవనంగా పిలిచే టౌన్ హాల్ ఆలోచన పుట్టింది ఈ మార్పులు జరుగుతున్న రోజుల్లోనే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజుకు గుర్తుగా, పౌరులు చందాలు వేసుకుని 1905లో పని మొదలుపెట్టించారు. భవనం పూర్తికాకముందే, 1911లో మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూశారు. ఆయన కొడుకు, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1913కి అది పూర్తయింది. బయటి నుంచి కాసేపు నిలబడి చూస్తే దాని అందం తెలుస్తుంది. మధ్యలో పెద్ద గుమ్మటం, మూలల్లో చిన్న ఛత్రీలు, వరసగా సాగే కమాన్లు, వాటి మీద సన్నని నగిషీ. రాజస్థానీ, ఇరానీ పోకడలు రెండూ అందులో ఒదిగిపోయాయి. పక్కన పచ్చిక ఉండబట్టే ఆ తెలుపు అంత నిండుగా కనిపిస్తుంది.

తోటలోని మిగతా కట్టడాలకు ఒక లక్షణం ఉంది. ఒక్కోటి తన ముందు తన పచ్చికతో, తన దారితో విడిగా నిలబడింది. ఏడో నిజాం రజతోత్సవ వేడుకలకు 1937లో వేదికైన జూబ్లీ హాల్ ఒకటి, మ్యూజియం ఒకటి, షాహీ మసీదు ఒకటి. మ్యూజియంలోని ఈజిప్టు మమ్మీని చూడటానికి బడిపిల్లలు నేటికీ గుంపులుగా వస్తారు. ఒక రాచకుటుంబీకుడు కొనితెచ్చిన ఆ మమ్మీ చివరికి జనం సొత్తయింది. చెట్ల నీడన జంతుశాల కూడా ఉండేది. 1963లో నెహ్రూ జూ పార్కు తెరిచాక జంతువులను అక్కడికి తరలించారు.

అయితే ఈ తోటలో జరిగిన అతి పెద్ద సంగతికి భవనమే అక్కర్లేదు. ఉస్మానియా పట్టభద్రులు స్థానిక వస్తువులకు గిరాకీ పెంచాలని 1938లో ఇక్కడే నుమాయిష్ అనే వస్తు ప్రదర్శన మొదలుపెట్టారు. మొదట్లో కొద్దిపాటి దుకాణాలే. ఏటేటా జనం పెరిగి తోట సరిపోక 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. సంక్రాంతి రోజుల్లో నగరమంతా కదిలి వెళ్లే ఆ జాతరకు పురుడు పోసింది బాగ్-ఏ-ఆమ్ ఖాళీ నేలే.

1952 ఎన్నికల తర్వాత హైదరాబాద్ రాష్ట్ర శాసనసభ టౌన్ హాల్‌లో కొలువుదీరింది. 1956 నుంచి ఆంధ్రప్రదేశ్ సభ కూడా అక్కడే. 1985లో పక్కనే కొత్త సభాభవనం వచ్చింది. తోటలోకి బాలభవన్, లలితకళాతోరణం చేరాయి. ఎదురుగా గన్‌పార్కులో 1969 తెలంగాణ ఉద్యమ అమరుల స్తూపం లేచింది. శిల్పి ఎక్కా యాదగిరిరావు దాని నల్లరాతి పీఠంలో తూటాల గుర్తుల్లాంటి రంధ్రాలు చెక్కి, శిఖరాన పువ్వు నిలిపారు. పాలించేవాళ్ల సభ, ఆ పాలనను నిలదీసి ప్రాణాలిచ్చినవాళ్ల గుర్తు ఎదురెదురుగా ఉన్నాయి. తెలంగాణ రాష్ట్రం వచ్చాక కొన్నేళ్లు రాష్ట్ర అవతరణ వేడుకలు కూడా ఈ తోటలోనే జరిగాయి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. పౌరుల చందాలతో లేచిన టౌన్ హాల్‌లోకి ఇవాళ సామాన్యుడు పాసు లేకుండా అడుగుపెట్టలేడు. సభ భద్రతకు ఆ కట్టడి తప్పదు, కాదనను. నిజాం కాలంలో వేసిన తోటలోకి మాత్రం పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లు, పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు, పిల్లల్ని ఆడించే తల్లులు ఎవరినీ అడగకుండా వెళ్తారు. అందుకే ఈ తోటలో భవనాలకు మరమ్మతు ఎంత అవసరమో, ఖాళీ నేలకు కాపలా అంతే అవసరం. మంచి పనికోసమే అంటూ ఇప్పటికే ఎన్నో కట్టారు. ఇకమీదట ఎంత గొప్ప పేరు మీదైనా సరే, అక్కడ కొత్తగా ఒక్క పునాది రాయి కూడా పడకూడదు.